మౌస్ కర్సర్ మొరాయిస్తే పీసీ మార్చేయడమేనా?

"ఒరేయ్, మౌస్ నా మాట వినట్లేదురా. నేనొక చోటికి జరిపితే అది ఇంకో చోట ఆగుతోంది."

పోయిన నెల నాన్న ఫోన్‌లో అన్న మాట ఇది. సత్తెనపల్లిలో మాకో చిన్న ఎరువుల షాపు ఉంది. బిల్లులు, స్టాకు, రైతుల ఖాతాలు అన్నీ ఒక పాత డెస్క్‌టాప్‌లోనే. 2015లో నేను బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది, నాలుగో జనరేషన్ ఐ3. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక అది షాపుకి చేరింది.

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఒక మినీ పీసీ లింక్ వాట్సాప్‌లో పంపడం. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కదా! ఊళ్లో రిపేర్లు చేసే అబ్బాయి కూడా అదే చెప్పాడట. "పదేళ్ల సిస్టమ్ సార్, బోర్డు పని అయిపోయింది. 38 వేలకి కొత్తది సెట్ చేసిస్తా." నాన్న అడ్వాన్స్ ఇవ్వడానికి రెడీ అయిపోయారు.

నన్ను ఆపింది ఆ 38 వేలు కాదు. రాత్రి మళ్లీ మాట్లాడినప్పుడు ఆయన అన్న ఇంకో మాట. "ముందు నా చెయ్యే నెమ్మదించిందేమో అనుకున్నానురా. అరవై దాటాయిగా." అప్పుడు సిగ్గేసింది. రోజంతా ఆఫీసులో బగ్ ఎక్కడుందో వెతకడమే నా పని. ఇంట్లో వాళ్ల బగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కొత్తది కొనమని లింక్ పడేశాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. "స్లో అయ్యింది" అనేది జ్వరం లాంటిది. అది లక్షణం, జబ్బు కాదు. జబ్బేంటో తెలియకుండా ర్యామ్, ఎస్ఎస్‌డీ, కొత్త పీసీ అని మందులు రాసేయడం మన గ్యాడ్జెట్ పిచ్చోళ్లందరికీ ఉన్న అలవాటే. దాని ఖర్చు మాత్రం ఎక్కువసార్లు వేరేవాళ్లు కడతారు.

ముందు ఒక్క ప్రశ్న

స్లో అయ్యింది కర్సరా, కంప్యూటరా? ఈ రెండూ వేరు. కర్సర్ స్మూత్‌గా కదులుతూ, క్లిక్ చేశాక విండో ఆలస్యంగా తెరుచుకుంటే అనుమానం హార్డ్ డిస్క్ మీదో, ర్యామ్ మీదో పెట్టుకోవాలి. అలా కాకుండా కర్సరే ఆగి ఆగి గెంతుతుంటే వెతకాల్సింది మౌస్, యూఎస్‌బీ, డ్రైవర్ల వైపు. మా షాపులో రెండోదే. బిల్లు బానే వస్తోంది, ప్రింట్ బానే వస్తోంది. బాణం గుర్తు మాత్రం మొరాయిస్తోంది. ఎస్ఎస్‌డీ నేను రెండేళ్ల కిందే వేశాను కాబట్టి దాని మీద అనుమానం తక్కువ.

ఇంకో క్లూ కూడా నాన్నే ఇచ్చారు. "సాయంత్రం ఏడింటప్పుడు మరీ ఘోరంగా ఉంటోంది." ఏడింటికి ఏం నడుస్తుంది? నేను పెట్టిన ఆటోమేటిక్ బ్యాకప్. మనసులో వెంటనే తీర్పు ఇచ్చేశాను: పాత ప్రాసెసర్, బ్యాకప్ బరువు మోయలేకపోతోంది.

శనివారం ఊరెళ్లి చూస్తే ఆ తీర్పు తప్పని తేలింది.

ఒకసారికి ఒకే మార్పు

బ్యాకప్ నడుస్తుండగానే, పక్క షాపు నుంచి అడిగి తెచ్చిన మామూలు వైర్ మౌస్ పెట్టాను. కర్సర్ వెన్నలా కదిలింది. అంటే ప్రాసెసర్ తప్పు కాదు, విండోస్ తప్పు కాదు, బోర్డు తప్పూ కాదు. వైర్‌లెస్ మౌస్‌కి కొత్త బ్యాటరీ వేశాను. తేడా లేదు. టేబుల్ మీద గాజు పలక ఉంది కదా అని కింద ఒక నోట్‌బుక్ పెట్టాను. ఆప్టికల్ మౌస్ కింద ఉన్న ఉపరితలాన్ని సెకనుకి వేల ఫొటోలు తీసి కదలికను లెక్కేస్తుంది, గాజు మీద దానికి ఏమీ సరిగ్గా కనపడదు. కాస్త మెరుగైంది గానీ గెంతడం పోలేదు.

అప్పుడు క్యాబినెట్ వెనక్కి వంగి చూశాను. మౌస్ రిసీవర్ ఒక నీలం పోర్ట్‌లో ఉంది. దాని పక్క నీలం పోర్ట్‌లో బ్యాకప్ కోసం పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అక్కడ పెట్టిందెవరు? సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే!

విషయం ఏంటంటే, ఇలాంటి మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 సిగ్నల్ నుంచి పుట్టే నాయిస్ సరిగ్గా ఆ బ్యాండ్‌లోకే పాకుతుంది. ఇదేమీ రహస్యం కాదు. 2012లోనే ఇంటెల్ దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. డిస్క్‌లోకి డేటా జోరుగా వెళ్తున్నప్పుడు పక్కనే ఉన్న చిన్న రిసీవర్‌కి మౌస్ మాట వినపడదు. పెళ్లి బ్యాండ్ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే. పైగా మధ్యలో క్యాబినెట్ రేకు, ఇనప టేబుల్.

రిసీవర్ తీసి ముందున్న యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో పెట్టాను. బ్యాకప్ మళ్లీ నడిపాను. గెంతడం పోయింది. నమ్మకం కోసం రిసీవర్‌ని తిరిగి వెనక పెట్టి చూస్తే మళ్లీ గెంతింది. అయిన ఖర్చు సున్నా. ముందు పోర్ట్ లేనివాళ్లకి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ చాలు.

మీ దగ్గర కారణం వేరే కావచ్చు

అందరికీ ఇదే జబ్బని చెప్పట్లేదు. వైర్ మౌస్ పెట్టినా కర్సర్ గెంతుతుంటే సేఫ్ మోడ్‌లో బూట్ చేయండి. అక్కడ బాగుంటే డ్రైవరో, స్టార్టప్‌లో ఎక్కే ఏదో సాఫ్ట్‌వేరో కారణం. టాస్క్ మేనేజర్‌లో "సిస్టమ్ ఇంటరప్ట్స్" అన్న వరస సీపీయూని గట్టిగా తింటుంటే ఏదో హార్డ్‌వేరో, దాని డ్రైవరో సతాయిస్తోందని అర్థం. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే దగ్గర "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవరే పడలేదు. పాత పీసీని 4కె టీవీకి తగిలించి కర్సర్ ఈడుస్తోందంటే రిఫ్రెష్ రేటు చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కె అంటే 30 హెర్ట్జే, రిజల్యూషన్ తగ్గించి 60 పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

మన బ్యాచ్ కోసం ఇంకోటి. 1000 హెర్ట్జ్ మేలా 8000 మేలా అని కామెంట్లలో కొట్టుకుంటాం. మామూలు ఆఫీస్ మౌస్ సెకనుకి 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకి ఒకసారి కబురు పంపుతుంది. ఖాతా పుస్తకానికి అది చాలా ఎక్కువ. పాత ప్రాసెసర్‌కి 8000 హెర్ట్జ్ మౌస్ తగిలిస్తే లాభం కంటే భారమే.

కొత్తది కొనొద్దనా?

కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. నాలుగో జనరేషన్ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. డబ్బు లెక్కలున్న మెషీన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు లేకపోవడం కర్సర్ గెంతడం కంటే చాలా పెద్ద సమస్య. ప్రస్తుతానికి 2026 అక్టోబర్ 13 వరకు వచ్చే అదనపు అప్‌డేట్లకి షాపు పీసీని ఎన్‌రోల్ చేశాను. ఆలోపు మార్చక తప్పదు. కానీ అది తెలిసి తీసుకునే నిర్ణయం. ఏం కావాలో రాసుకుని, నాలుగు చోట్ల రేటు కనుక్కుని కొంటాం. భయపడి, ఎవరో అన్నారని అడ్వాన్స్ ఇచ్చి కొనం. పైగా ఆ రోజే కొత్త పీసీ తెచ్చి, అదే రిసీవర్‌ని అదే డిస్క్ పక్కన పెట్టి ఉంటే? 38 వేలు పోయాక కూడా కర్సర్ గెంతేది. నాన్నకి తన చెయ్యి మీద అనుమానం అలాగే ఉండేది.

రిపేరు అబ్బాయిని కూడా నేను పెద్దగా తప్పుపట్టను. అరగంట కూర్చుని జబ్బు కనిపెడితే అతనికి వంద రూపాయలు ఇవ్వడానికి మనకి మనసొప్పదు. కొత్త సిస్టమ్ అమ్మితేనే అతనికి మిగిలేది. కనిపెట్టడానికి విలువ ఇవ్వనంత కాలం అందరూ మనకి కొనమనే చెప్తారు.

ఆ సాయంత్రం ఏడింటికి నాన్న కుర్చీలో కూర్చుని ఒక రైతు ఖాతా తెరిచారు. మొదటి క్లిక్‌కే పేరు దొరికింది. రెండు మూడుసార్లు ఊరికే అటూ ఇటూ జరిపి చూసి, "అయితే నా చెయ్యి బానే ఉందన్నమాట" అన్నారు.

ఈసారి ఇంట్లోంచి "సిస్టమ్ స్లో అయ్యింది" అని ఫోనొస్తే లింక్ పంపకండి. ఏది స్లో అయ్యింది, ఎప్పుడు అవుతోంది, ఈ మధ్య కొత్తగా ఏం తగిలించారు? ఈ మూడూ అడగండి. తగిలించింది మీరే అయ్యుండొచ్చు.