తుపాకీకి ముందు పాఠం ఉంది, మరి మన కరెంటు తీగకు?

ఈసారి యూరియా గురించి కాదు, మార్కెట్ రేటు గురించీ కాదు. పోస్టు కొంచెం పెద్దదే. రాత్రి కావలికి పోయే అన్నలు, తమ్ముళ్లు మాత్రం మంచె మీద కూర్చొని అయినా సరే మొత్తం చదవండి.

మా అన్న కొడుకు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. హెచ్‌వన్‌బీ వీసా మీద కంప్యూటర్ ఉద్యోగం. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "చిన్నాయినా, పరీక్ష రాస్తున్న" అన్నాడు. ఈ వయసులో ఏం పరీక్షరా అంటే, "వేట పరీక్ష" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో కోడిని కోయమంటే గోడ దూకి పారిపోయిన పోరడు వాడు. వాడికి వేటేంది?

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వాడి లెక్క పని వీసా మీద ఉన్నోళ్లు అక్కడ మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోవద్దు. అది అమెరికా కేంద్ర చట్టం. అయితే చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నోళ్లకు ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. టెక్సాస్‌లో ఉండేవాళ్లకు మామూలు వేట లైసెన్స్ ఏడాదికి 25 డాలర్లు. వేటకు దిగాలంటే, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్లు 'హంటర్ ఎడ్యుకేషన్' అనే భద్రత కోర్సు చేసి ఉండాలి. 17 ఏళ్లు నిండినోళ్లు ఆ కోర్సు మొత్తం ఆన్‌లైన్లోనే చేయొచ్చు. 9 నుంచి 16 ఏళ్ల పిల్లలైతే క్లాసుకు పోవాలి, లేదంటే ఆన్‌లైన్‌తో పాటు ఒకరోజు మైదానంలో నేర్చుకోవాలి. మావాడి స్నేహితులు ఇద్దరు ముగ్గురు అప్పటికే చేశారట. వీడూ మొదలుపెట్టాడు.

"చూపియ్‌రా, నేను కూడా చూస్త" అన్నాను. ఫోన్లోనే స్క్రీన్ చూపిస్తూ, ఇంగ్లీషులో ఉన్నది నాకు తెలుగులో చెప్తూ పోయాడు. రెండు మూడు రాత్రులు అట్లా కూర్చున్నాం. నాకు వేట మీద ఇష్టం లేదు, తుపాకీ మీద మోజు లేదు. కానీ ఆ పాఠాలు విన్నంకనే ఈ పోస్టు రాయాలనిపించింది.

ఆ కోర్సులో మొదట చెప్పేది గురి చూసి కొట్టడం కాదు, మనిషి చావకుండా ఉండడం. నాలుగు సూత్రాలు మళ్లీ మళ్లీ చెప్తారు. ఒకటి, ఏ తుపాకీ చేతికొచ్చినా అందులో గుండు ఉన్నట్టే అనుకోవాలి. రెండు, గొట్టం మూతి ఎప్పుడూ ఎవరికీ ప్రమాదం లేని వైపే ఉండాలి. మూడు, ఎదురుగా ఉన్నదేంటో, దాని వెనక ఏముందో తెలియకుండా పేల్చొద్దు. నాలుగు, పేల్చే ఘడియ వచ్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

ఆ తర్వాత చిన్న చిన్నవి ఎన్నో ఉన్నాయి. కంచె దాటేటప్పుడు గుండు తీసేసి, తుపాకీ కింద పెట్టి, మూతి మనకు ఎదురు దిక్కున ఉండేటట్టు చూసుకొని, అప్పుడు దాటాలి. ముగ్గురు కలిసి నడుస్తుంటే ఎవరు ఏ దిక్కుకు పేల్చాలో ముందే పంచుకోవాలి. దూరం నుంచే మనిషి అని తెలిసేటట్టు మెరిసే నారింజ రంగు బట్ట వేసుకోవాలి. చెట్టు మీద కట్టుకున్న మంచె నుంచి పడకుండా ఒంటి మొత్తాన్ని పట్టి ఉంచే భద్రత పట్టీ కట్టుకోవాలి. ఇది విన్నప్పుడు మా ఊర్లో మంచె మీద నుంచి పడి నడుము పోయిన పెద్దమనిషి గుర్తొచ్చాడు. మనం ఎన్ని తరాల నుంచి మంచె ఎక్కుతున్నాం? ఒక్కసారైనా అట్లాంటి పట్టీ కట్టుకున్నామా?

ప్రమాదాలు ఎందుకు జరుగుతాయో కూడా నాలుగు ముక్కల్లో చెప్పారు. మనిషి అంచనా తప్పడం, సూత్రం తెలిసీ పాటించకపోవడం, చేతికి సాధన లేకపోవడం, చివరగా యంత్రం చెడిపోవడం. యంత్రం చివరన ఉంది చూడండి. మొదటి మూడూ మనిషివే. మనమేమో ఏదైనా జరిగితే "టైం బాగలేదు" అంటాం.

ఇంతవరకు ఆ కోర్సును మెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు నచ్చనిది కూడా చెప్తాను. మావాడు పరీక్ష పాసయ్యాడు. సర్టిఫికెట్ వచ్చింది. అప్పటికి వాడు ఒక్క తుపాకీని కూడా ముట్టుకోలేదు. ఈత గురించి పుస్తకం చదివినోడు బావిలో దూకితే ఏమైతది? "నీ చేతిలో ఉన్నది కాగితం. పని ఇంకా రాలేదు" అని వాడికి గట్టిగా చెప్పాను. 2024లో మన దగ్గర నుంచి చదువుకు పోయిన విద్యార్థి ఒకరు అక్కడ సొంత తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని పేపర్లో చదివాం కదా. కన్నోళ్లు ఇక్కడ ఎట్లా ఉంటరు? అమెరికాలో పిల్లలున్న అన్నలు, అక్కలు ఈ విషయం పిల్లల దగ్గర దాపరికం లేకుండా అడగండి. లైసెన్స్ అంటే తుపాకీ కొనుక్కోవడానికి దొడ్డిదారి కాదు. వేటకు పోయే ఉద్దేశం లేనోడికి ఆ కోర్సు ఎందుకు, తుపాకీ ఎందుకు? ఉద్దేశం ఉన్నోడైతే తెలిసినోళ్ల దగ్గర, షూటింగ్ రేంజిలో చేతికి పని నేర్చుకోవాలి. గుండ్లు ఒకచోట, తుపాకీ ఇంకోచోట పెట్టి తాళం వేయాలి.

ఇక మన సంగతికి వద్దాం.

ఈ మాట రాస్తే కింద కొందరు ఏమంటారో నాకు తెలుసు. "అన్నా, టెక్సాస్‌లో రైతు పందిని కాల్చి పారేస్తడు, మనకెందుకు ఆ హక్కు లేదు?" నిజమే, 2019 నుంచి అక్కడ ప్రైవేటు భూమిలో, భూమి యజమాని ఒప్పుకుంటే, అడవిపాలైన పందులను కాల్చడానికి వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. కానీ అవి ఆ నేల జంతువులు కావు. బయటి నుంచి వచ్చిన పెంపుడు పందులు అడవిలో పడి పెరిగిన సంతతి. అక్కడ ఒక్కొక్కరి భూమి వందల ఎకరాల్లో కూడా ఉంటుంది. మనకు రెండెకరాలకు ఒక గెట్టు. నా మక్క చేను వెనక ఇంకొకరి మంచె, దాని వెనక ఇంకొకరి బోరు మోటరు. అర్ధరాత్రి కరెంటు వస్తే ఎవడో ఒకడు నీళ్లు పెట్టడానికి వస్తూనే ఉంటాడు. "ఎదురుగా ఉన్నదాని వెనక ఏముందో చూడు" అనే మూడో సూత్రం మన చేలల్లో అన్నిటికంటే ముందు రావాలి. ఇంకొక మాట. లైసెన్స్ ఎత్తేసి కాల్చుకోమన్నా టెక్సాస్‌లో పందుల బాధ తీరలేదు. తుపాకీ ఒక్కదానితో పోయే పీడ కాదు ఇది.

మన చట్టంలో దారి అసలే లేదని కూడా అనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, నిలబడ్డ పంటకు నష్టం చేస్తున్న అడవిపందిని చంపడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆయన అధికారం ఇచ్చిన అధికారికి ఉంది. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చారు. కాల్చేది మాత్రం లైసెన్స్ తుపాకీ ఉన్నోళ్లే. 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణ కోసం నాటు మందు దట్టించే తుపాకీకి లైసెన్స్ ఇచ్చే నిబంధన ఉంది. 2016 ఆయుధాల నియమాల్లో భద్రత శిక్షణ గురించి కూడా రాసి ఉంది. తుపాకీ ఎట్లా దాచాలి, ఎట్లా పట్టాలి, ఎట్లా తీసుకపోవాలి అన్నది నేర్చుకోవాలని ఉంది. అంటే శిక్షణ అనే మాట మన కాగితంలో కూడా ఉంది. ఊరిదాకా రాలేదు, అంతే.

ఊరిదాకా వచ్చిందేంటో తెలుసు కదా? తీగ. కరెంటు తీగ.

ఇప్పుడు రాసేది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. తిట్టేవాళ్లు తిట్టండి. కొన్నేళ్ల కిందట రెండు రాత్రుల్లో నా మక్క చేను సగం పందుల పాలైంది. కంకి పాలు పోసుకునే టైం. అప్పు తెచ్చిన పెట్టుబడి. కడుపు మండి, ఎవరో చెప్తే, గెట్టు చుట్టూ గుంజలు పాతి, జీఐ తీగ లాగి, నేరుగా స్టార్టర్ డబ్బా దగ్గర నుంచి కరెంటు ఇచ్చిన. ఇంట్లో చెప్పలేదు. పక్క చేనోళ్లకు చెప్పలేదు. తెల్లారకముందే తీసేద్దామనుకున్న. రెండు రాత్రులు కావలి కాసి ఉన్నానేమో, నిద్ర పట్టేసింది.

పొద్దున మా అమ్మ చాయ్ పట్టుకొని చేనుకు వచ్చింది. ముందు మా కుక్క రాజుగాడు ఉరుకుతున్నాడు. వాడికి అలవాటు, అమ్మకు పది అడుగులు ముందే ఉంటాడు. వాడు కుయ్యిమన్న సప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. మంచె మీద నుంచి దూకి స్టార్టర్ దగ్గరికి ఎట్లా ఉరికిన్నో నాకే తెల్వదు. అమ్మ అప్పటికే చాయ్ చెంబు కింద పెట్టి, కుక్కను పట్టుకోవడానికి వంగుతున్నది. కరెంటు తీసేసిన. కుక్క పోయింది. అమ్మ ఉంది. మధ్యలో ఉన్నది పది అడుగులు.

అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి పోయి కుక్క గిన్నె కడిగి బోర్లించింది. ఆ గిన్నె ఇప్పటికీ అట్లనే ఉంది.

పోయిన యేడు మా పక్క ఊర్లో అదే తీగ తగిలి ఒక తమ్ముడు చనిపోయాడు. పందుల కోసం పెట్టింది వాళ్ల సొంత బాబాయే. ఇప్పుడు ఒక ఇంట్లో చావు, ఇంకో ఇంట్లో కేసు. మనిషి చస్తే తీగ పెట్టినోడి మీద హత్య కాని మానవ ప్రాణహరణం కింద కేసు అవుతుంది, భారతీయ న్యాయ సంహితలో అది 105వ సెక్షన్. దొంగ కరెంటుకు విద్యుత్ చట్టంలో మూడేళ్ల దాకా జైలు ఉంది. కానీ సెక్షన్ల భయంతో ఆగమని నేను చెప్పడం లేదు. మీ ఇంట్లో పొద్దున్నే చాయ్ తెచ్చేది ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఆ కోర్సు చూస్తున్నంతసేపూ నాకు ఇదే గుర్తొచ్చింది. ఆ నాలుగు సూత్రాలను మన తీగ దగ్గర పెట్టి చూడండి. తుపాకీ పట్టుకున్నోడు పేల్చే ముందు ఒక్క క్షణమైనా ఎదురుగా ఉన్నది పందో మనిషో చూస్తాడు. తీగ చూడదు. తుపాకీ ట్రిగ్గర్ మీద వేలు తీయొచ్చు. తీగ మీద రాత్రంతా వేలు పెట్టే ఉంచుతాం, పెట్టి నిద్రపోతాం. ఒక దేశం చేతిలో తుపాకీ పెట్టే ముందు పాఠం చదవమంటుంది. మనం పాఠం లేకుండా, అనుమతి లేకుండా, పక్కోడికి మాట చెప్పకుండా, అంతకంటే గుడ్డిదైన ఆయుధాన్ని గెట్టు మీద పరుస్తున్నాం.

పందులతో నష్టం అబద్ధమా? కాదు. రైతు కోపం తప్పా? కాదు. నేనూ ఆ కోపంలోనే చేసిన. కానీ దానికి దారులు వేరే ఉన్నాయి. బ్యాటరీతో నడిచే జట్కా మిషన్, అదే సోలార్ కంచె, సెకనుకు ఒకసారి కొట్టి వదిలేస్తుంది. దెబ్బ గట్టిగానే తగులుతుంది, కానీ పట్టుకొని చంపదు. మంచి కంపెనీది తీసుకొని, తెలిసినోళ్లతో బిగించుకోవాలి. మిషన్ మధ్యలో లేకుండా ఇంటి కరెంటు గానీ మోటరు కరెంటు గానీ నేరుగా తీగకు ఇవ్వొద్దు. ఒక్కడికి ఖర్చు ఎక్కువైతే పది మంది గెట్లు కలిపి ఒకటే కంచె వేసుకోవచ్చు. మా వాడకట్టులో నలుగురం అట్లనే వేసుకున్నాం. మొత్తం ఆగిందని చెప్పను. మూల మీద ఇంకా దూరుతున్నాయి. కానీ పొద్దున చేనుకు వచ్చే మనిషి గురించి భయం లేదు.

అందుకే మూడు మాటలు అడుగుతున్న. ఒకటి, వచ్చే గ్రామసభలో "మా ఊర్లో కరెంటు తీగ పెట్టం" అని అందరం చేతులెత్తి తీర్మానం చేద్దాం. ఎవడైనా పెడితే పోలీసులకంటే ముందు మనమే పోయి తీయిద్దాం. రెండు, పందుల మీద అనుమతి కావాలని అటవీశాఖకు కాగితం పెట్టేటప్పుడు, కాల్చడానికి వచ్చే మనుషులకు శిక్షణ, ఏ రాత్రి ఏ చేనులో అన్నది ఊరంతటికీ ముందే డప్పు చాటింపు, ఈ రెండూ కూడా అడుగుదాం. అనుమతి ఒక్కటే అడిగితే ఇంకో ప్రమాదాన్ని పిలిచినట్టే. మూడు, కావలికి పోయే పిల్లలకు మనమే ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెబుదాం. టార్చిలైటు, మెరిసే బట్ట, మంచె మీద ఒంటికి భద్రత పట్టీ, పక్క చేనోడికి ఫోన్. దీనికి లైసెన్స్ అక్కర్లేదు, డాలర్లు అక్కర్లేదు.

మావాడు ఇంకా తుపాకీ కొనలేదు. "ముందు రేంజికి పోయి నేర్చుకుంట చిన్నాయినా, ఆ తర్వాత చూస్త" అన్నాడు. మంచిదిరా అన్నాను. వాడికి చెప్పే ధైర్యం నాకు ఎట్లా వచ్చిందంటే, నేర్చుకోకుండా చేసినోడిని నేను కాబట్టి.

మీ ఊర్లో తీగలు ఉన్నాయా లేవా, కింద రాయండి. పేర్లు వద్దు. ఉన్నాయని రాస్తే సిగ్గుపడాల్సింది లేదు. ఈ రాత్రి తీసేస్తే చాలు.