షెడ్డు అద్దెకిచ్చే ముందు ఒక్కమాట

ఈరోజు పంట సంగతి కాదు, కుక్కల సంగతి. నవ్వకుండా చివరిదాకా చదవండి.

కోళ్లలో నష్టపోయాక ఖాళీగా పడున్న నా షెడ్డుని రెండేళ్ల కింద టౌను కుర్రాడొకడు అద్దెకడిగాడు. జాతి కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్ముకుంటానన్నాడు. నెలనెలా డబ్బు చేతిలో పడుతుంటే నేను ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడలేదు. ఆ తప్పు నాదే.

వ్యాపారం దెబ్బతిని ఓ రాత్రి చెప్పకుండా వెళ్లిపోయాడు. తెల్లారి తాళం పగలగొడితే ఇనప బోనుల్లో మూడు లాబ్రడార్ ఆడకుక్కలు. గోళ్లు వంకర్లు తిరిగి, రొమ్ములు వేలాడి, ఒళ్లంతా పిడుదులు. బయటికి తెస్తే మట్టి మీద కాలు పెట్టడానికే వణికిపోయాయి. అందులో ఒకటి గర్భసంచిలో చీము పట్టి నాలుగో రోజు చచ్చిపోయింది.

మిగతా రెండింటికి మండలం పశువుల డాక్టరు గారి చేత నట్టల మందు, రేబిస్ టీకా వేయించాను. కొంచెం కోలుకున్నాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. మందులకన్నా ఓపికే ఎక్కువ కావాలి. మొదట్లో ముట్టుకోకూడదు. రోజూ ఒకే వేళకి కొద్దికొద్దిగా తిండి పెట్టి, దూరంగా కూర్చోవాలి. దాక్కోవడానికి ఒక మూల ఉంచాలి. కంచె లేని చోట వదిలితే బెదిరి పారిపోతాయి. మా ఊరకుక్క ఒకటి వాటి పక్కన తిరుగుతుంటే, దాన్ని చూసే నడక నేర్చుకున్నాయి. నా చేతిలో ముద్ద తినడానికి మూడు నెలలు పట్టింది.

"మనం గేదెల్ని పెంచి పాలు పిండుకోవట్లేదా, ఇదీ అంతే" అని మా బావమరిది అన్నాడు. అంతే ఎలా అవుతుంది? గేదెని మేతకి తోలతాం, చెరువులో కడుగుతాం. ఈతకీ ఈతకీ మధ్య ఎడం లేకపోతే పశువు ఏమైపోతుందో రైతుకి ఒకరు చెప్పాలా?

కేంద్రం 2017లోనే రూల్స్ పెట్టింది. కుక్కల్ని ఈనించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి. 18 నెలలు నిండని కుక్కని కట్టించకూడదు. జీవితంలో 5 ఈతలకి మించకూడదు. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పద్ధతిగా చేసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు.

కాబట్టి ఎవరన్నా షెడ్డు అడిగితే ముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. నెలకోసారి లోపలికొచ్చి చూస్తానని అగ్రిమెంటులో రాయించండి. ఒప్పుకోకపోతే ఇవ్వకండి. పిల్లలు ముచ్చటపడ్డారని కుక్కపిల్లని కొనేవాళ్లు, దాని తల్లిని, తల్లి ఉండే చోటుని చూశాకే డబ్బులివ్వండి. చూపించనంటే లేచి వచ్చేయండి.

మన ఊళ్లో ఇంకో షెడ్డుకి ఇలాంటి బేరమే నడుస్తోందని విన్నాను. ఆ తమ్ముడు చదువుతాడనే ఇదంతా రాశాను. అద్దె డబ్బులు ఎంతొస్తాయో నాకు తెలుసు తమ్ముడూ. తాళం తీసిన రోజు ఎలా ఉంటుందో కూడా తెలుసు. ఒకసారి మా ఇంటికొచ్చి ఈ రెండింటినీ చూసి, ఆ తర్వాత నీ ఇష్టం.