వెల చెప్పడం మర్యాదే

ఒకనాడు రేడియోకు, ఆ తరువాత టెలివిజనుకు ఇంటిలో దక్కిన స్థానం ఈనాడు కంప్యూటరుకు దక్కింది. రేడియో చెడిపోతే దానిని చంకన పెట్టుకొని బజారులోని దుకాణానికి పోయేవారు. కంప్యూటరు చెడిపోతే మాత్రం, పని తెలిసిన కుర్రవాణ్ణి ఇంటికి పిలిపించుకోవడం పరిపాటి అయింది. నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని ఈ పని నేర్చిన యువకులకు కొదవ లేదు. వారిలో కొందరు డిప్లొమా చదివినవారు. కొందరు దుకాణాలలో సహాయకులుగా చేరి పని పట్టుకొన్నవారు. మరికొందరు మీవలె జూనియర్ కళాశాలలో చదువుతూ, సెలవు దినాలలో నాలుగు రూపాయలు సంపాదించుకొనేవారు. పని ముగిశాక ఇంటి యజమాని "ఎంత ఇమ్మంటావు నాయనా?" అని అడుగుతాడు. యువకుడు నేలచూపులు చూస్తూ "మీ ఇష్టం సార్" అంటాడు. ఈ జవాబును వినయమని మనవారు మెచ్చుకొంటారు. అది వినయం కాదనీ, పనికి ముందే వెల చెప్పడమే అసలైన మర్యాద అనీ నా అభిప్రాయం.

మన భాషలో ప్రతిఫలానికి ఎన్ని పేర్లున్నాయో గమనించండి. రోజు పనికి ఇచ్చేది కూలి. నెల పనికి ఇచ్చేది జీతం. వస్తువుకు ఇచ్చేది వెల. గురువుకో పురోహితునికో సమర్పించుకొనేది దక్షిణ. వీటిలో మొదటి మూడింటికీ ఒక కొలత ఉంది. దక్షిణకు అటువంటి కొలత లేదు. ఇచ్చేవాని శక్తీ భక్తీ దానికి ప్రమాణాలు. అందుకే దక్షిణ పుచ్చుకొన్నవాడు తక్కువైందని గొణగరాదు. "మీ ఇష్టం" అన్న క్షణాన మన యువకుడు తన కూలిని దక్షిణగా మార్చివేస్తున్నాడు. కాని గొణగకుండా ఉండగలుగుతున్నాడా? గడప దాటగానే స్నేహితునితో ఆ ఇంటివారి పిసినారితనాన్ని వర్ణించి చెబుతాడు. అవతల యజమాని పరిస్థితీ సుఖంగా లేదు. ఎక్కువ ఇస్తే అమాయకుడనిపించుకొంటానేమో, తక్కువ ఇస్తే లోభి అనిపించుకొంటానేమో అని ఆయన సతమతమవుతాడు. తేల్చవలసిన బరువును ఎదుటివాని నెత్తిన పెట్టడం వినయమెలా అవుతుంది?

ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రం మూడవ అధికరణంలో దీనిని చర్చించాడు. ముందుగా మాట్లాడుకొన్న వేతనం ఉంటే దానినే ఇవ్వాలి. మాట్లాడుకోకపోతే పనినీ, దానికి పట్టిన కాలాన్నీ బట్టి ఇవ్వాలి. ఇంతవరకు సామాన్య విషయమే. ఆ తరువాత ఆయన చేతిపనివారినీ, శిల్పులనూ, నటులనూ, వైద్యులనూ ఒక వర్గంగా కూర్చి, వారికి 'ఆశాకారికులు' అని పేరు పెట్టాడు. ప్రతిఫలం లభిస్తుందన్న ఆశతో పనిచేసేవారని దాని భావం. వీరికి ఎంత ముట్టాలి? అటువంటి పనివారు ఇతరులు ఎంత తీసుకొంటారో అంత. లేదా ఆ పనిలో ఆరితేరినవారు ఎంత నిర్ణయిస్తే అంత. ఈ నిర్ణయంలో ఇచ్చేవాని ఇష్టానికి తావు లేదన్నది గమనార్హం. అలాగని శాస్త్రం పనివాణ్ణి వెనకేసుకొచ్చిందని సంబరపడనక్కరలేదు. చెప్పిన గడువు దాటితే వేతనంలో నాలుగోవంతు కోసి, దానికి రెట్టింపు జరిమానా వేయాలని నాలుగవ అధికరణంలో అదే కౌటిల్యుడు శాసించాడు. "రేపు వస్తా"నని వారం రోజులు తిప్పించుకొనే నేటి మరమ్మతుదారులు ఈ మాటను జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది!

మన పల్లెలలో మరొక పద్ధతి ఉండేది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి మొదలైన ఆయగాళ్లకు పని పనికీ వెల కట్టేవారు కారు. నాగలి కర్రు పదును పెట్టినా, కొడవలి కక్కు కొట్టినా ఆ పూటకు డబ్బు లేదు. పంట నూర్చిన రోజున రైతు కళ్లంలోనే ధాన్యం కొలిచి 'మేర' ఇచ్చేవాడు. నేడు కార్యాలయాలు కంప్యూటర్ల మరమ్మతుకు సంవత్సరానికి ఇంత అని కుదుర్చుకొనే ఒప్పందం ఈ మేరకు మనుమడే. అయితే ఈ పద్ధతిని తలచుకొని మురిసిపోవడం తగదు. మేరలో కొలత రైతు చేతిలో ఉండేది. పని కాదనే స్వేచ్ఛ ఆయగానికి ఉండేది కాదు. పుట్టిన కులమే అతని ఒప్పందం. నేటి యువకుడు ఎవరి కళ్లం దగ్గరా చేతులు కట్టుకొని నిలబడవలసిన అవసరం లేదు. ఆ స్వేచ్ఛ వచ్చింది కనుకనే వెల చెప్పే బాధ్యత కూడా అతని మీద పడింది.

వెల ఎంతని చెప్పాలి? సాటివారిని అడిగి తెలుసుకోవడం మొదటి మెట్టు. నంద్యాలలో రెండు మూడు దుకాణాలు తిరిగితే వాడుకలోని ధరలు తెలుస్తాయి. కాని అక్కడితో ఆగరాదు. దుకాణదారునికి అద్దె ఉంది. ఇంటికి వెళ్లి పనిచేసేవానికి దారి ఖర్చు ఉంది. కనుక ఎవరి లెక్క వారు వేసుకోవాలి. ఒక యువకుడు నెలకు 15,000 రూపాయలు మిగలాలని కోరుకొన్నాడనుకొందాం. ఫోనుకు, పెట్రోలుకు, పనిముట్లకు మరో 3,000 అవుతుందనుకొందాం. మొత్తం 18,000. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే 200 గంటలు కదా, గంటకు 90 రూపాయలు చాలునని తోస్తుంది. పొరపాటంతా ఇక్కడే ఉంది. ఆ 8 గంటలలో దారిలో గడిచేవి, విడిభాగాల కోసం బజారులో తిరిగేవి, పిలుపు కోసం ఎదురుచూసేవి పోగా, డబ్బు వచ్చే పని సగం కాలమైనా ఉండదు. ఉన్నదనే అనుకొన్నా 100 గంటలే. అప్పుడు గంటకు 180 రూపాయలు తీసుకొంటే గాని కోరిన 15,000 చేతికి రావు. ఈ అంకెలు ఉదాహరణ కోసం చెప్పినవే. లెక్క వేసే తీరు మాత్రం ఏ చేతిపనికైనా వర్తిస్తుంది.

దూరం సంగతి కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి పిలుపు వస్తే రానూ పోనూ బస్సు ఛార్జీతో పాటు సగం రోజు ఖర్చవుతుంది. తీరా వెళ్లి చూస్తే గోడ దగ్గరి ప్లగ్గు ఊడి ఉండవచ్చు. ప్లగ్గు పెట్టినందుకు డబ్బు అడగడానికి ఎవరికైనా మొగమాటమే. అందుకే రాకపోకల ఖర్చూ, పరిశీలన రుసుమూ ఇంత అని ఫోనులోనే చెప్పాలి. ఆ ఫోనులోనే ముందు ప్లగ్గు చూడమని చెప్పగలిగితే మరీ మంచిది. ఆ ఒక్క మాటతో ఒక కూలి పోవచ్చును గాని, ఆ ఇంటివారు మరొకరిని పిలవరు.

పనికి పట్టిన నిమిషాలను బట్టి వెల కట్టడం పైకి న్యాయంగా కనిపించే అన్యాయం. తెర వెలగని కంప్యూటరును విప్పి, లోపలి ర్యామ్ పలకను తీసి, దాని అంచును రబ్బరుతో తుడిచి తిరిగి అమర్చితే చాలాసార్లు అది బాగవుతుంది. దీనికి పది నిమిషాలు చాలు. తేదీ మాటిమాటికీ వెనక్కి పోయి, వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడానికి మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ కారణం కావచ్చు. దాని ఖరీదు అతి స్వల్పం. "రబ్బరుతో తుడిచినందుకు ఇంతా?" అని యజమాని ఆశ్చర్యపోతాడు. అతడు చెల్లించేది తుడిచినందుకు కాదు, ఎక్కడ తుడవాలో తెలిసినందుకు. ఈ సంగతి తెలియని కుర్రవాడు రోజంతా కుస్తీపట్టి, హార్డ్ డిస్కులోని సమాచారాన్నంతా చెరిపివేసి పోతే, గంటల లెక్కన అతనికే ఎక్కువ డబ్బు ముట్టాలి!

ఆళ్లగడ్డవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. అక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. విగ్రహం వెలలో రాయి ఖరీదు ఒక భాగం, దినాలు ఒక భాగం, ఏళ్ల తరబడి ఉలి పట్టిన చేయి మరొక భాగం. దేవతామూర్తి ముఖం చెక్కే ఉలిదెబ్బలను లెక్కపెట్టి ఎవరూ డబ్బు ఇవ్వరు. ఇదే వాదం లండను న్యాయస్థానం దాకా వెళ్లింది. చిత్రకారుడు విస్లర్ తన చిత్రానికి 200 గినీలు అడిగాడని విమర్శకుడు రస్కిన్ ఆక్షేపించాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో జరిగిన విచారణలో, రెండు రోజుల శ్రమకు అంత సొమ్మా అని వకీలు నిలదీశాడు. జీవితమంతా గడించిన జ్ఞానానికి అని చిత్రకారుడు బదులిచ్చాడు. అతడు గెలిచాడు, కాని నష్టపరిహారంగా వచ్చింది ఒక్క ఫార్తింగు, అంటే పెన్నీలో నాలుగోవంతు. మరుసటి ఏడు దివాలా తీశాడు. వాదం నెగ్గినంత మాత్రాన డబ్బు రాదన్నమాట. పని తరువాత వాదించడం కన్న పనికి ముందు చెప్పడం ఎంతైనా మేలు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఊరికే పుట్టలేదు.

వెల చెప్పినవాడు ఆ వెలలో ఏమేమి చేరాయో కూడా చెప్పాలి. కొందరు కూలి తక్కువ చెప్పి, విడిభాగాల ధరలో రహస్యంగా కలుపుకొంటారు. కొత్త విద్యుత్ పెట్టె వేశామని పాతదే తుడిచి బిగించేవారూ లేకపోలేదు. తీసిన భాగాన్ని యజమాని చేతికి ఇచ్చి, కొన్న రసీదు చూపి, తన కూలి వేరుగా రాయడం ఉత్తమం. అనుమతి లేని నకలు సాఫ్ట్‌వేరును ఎక్కించి "తక్కువలో చేశా"ననడం తక్కువ వెల కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఇంకొకరి సొత్తును వాడుకోవడం. ఇక ఇంటి కంప్యూటరులో పెళ్లి ఫోటోలుంటాయి, బ్యాంకు కాగితాలుంటాయి, ఆడపిల్లల చిత్రాలుంటాయి. ఒప్పందం మీద సేవ చేసే సందర్భంలో చేతికి అందిన వ్యక్తిగత సమాచారాన్ని దురుద్దేశంతో బయటపెట్టడం, 2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టం 72ఏ సెక్షను ప్రకారం నేరం. చూడవలసిన పని లేని దానిని చూడకపోవడం వెలలో రాయని భాగం.

అన్నిటికన్న చిక్కైనది బంధువుల సంగతి. "మనవాడే కదా" అన్న మాటతో మేనమామ ఇంట్లో, ఆ తరువాత మేనమామగారి పక్కింట్లో, ఆపైన ఆ పక్కింటివారి వియ్యంకుల ఇంట్లో ఉచితంగా పనిచేయవలసి వస్తుంది. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అని మనవారు అంటారు గాని ఆచరించరు. దగ్గరివారికి ఉచితంగా చేయదలిస్తే పూర్తిగా ఉచితంగా, సంతోషంతో చేయాలి. ఆ దగ్గరితనం ఎవరి దాకా వస్తుందో తానే నిర్ణయించుకోవాలి. మిగిలినవారికి మామూలు వెల. సగం మొగమాటంతో సగం డబ్బు పుచ్చుకోవడం రెండింటికీ చెడ్డ రేవడి. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు, ఉచితంగా బాగుచేసిన కంప్యూటరు మూడు నెలల తరువాత ఆగిపోయినా "నువ్వు ముట్టుకొన్నప్పటి నుంచే ఇలా అయింద"ని నింద వస్తుంది. ఇక్కడ చట్టం కూడా ఒక మాట చెబుతున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసే పనిని 'సేవ'గా పరిగణించదు. డబ్బు ఇచ్చినవానికే ప్రశ్నించే హక్కు. వెల పనివాని లాభం కోసమే కాదు, ఇంటివారి రక్షణ కోసం కూడానని దీనివల్ల తెలుస్తున్నది. చేతకాని పేద విద్యార్థికి తగ్గించాలనిపిస్తే, అసలు వెల చెప్పి, తగ్గించింది ఇంత అని చెప్పి తగ్గించవచ్చు.

ఈ కాలంలో వెల చెప్పడానికి అందరికన్న ఎక్కువ సంకోచించే సందర్భం మరొకటి వచ్చింది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబర్ 14తో ముగించింది. దాని తరువాతి విండోస్ 11 చాలా పాత యంత్రాలకు సరిపడదని ఆ సంస్థే నియమం పెట్టింది. ఆళ్లగడ్డలోని ఒక గృహస్థు తన పాత కంప్యూటరుకు కొత్త ప్రాణం పోయమని నంద్యాల యువకుణ్ణి పిలిపిస్తాడు. యువకుడు యంత్రాన్ని పరీక్షించి, "దీనిమీద డబ్బు తగలేయకండి సార్, అవసరమైన ఫైళ్లు వేరే డిస్కులోకి తీసి ఇస్తాను, చాలు" అంటాడు. ఏ భాగమూ మార్చలేదు, ఏ స్క్రూ బిగించలేదు. అయినా ఆ గృహస్థుకు వేల రూపాయలు మిగిలాయి. చీటీ మీద మాత్రం రాకపోకలు, పరిశీలన, ఫైళ్ల నకలు అని మూడే పద్దులు. వాటి మొత్తం ఎంతో బస్సు ఎక్కకముందే ఫోనులో చెప్పి ఉన్నాడు కనుక, ఆయన ఆ సొమ్ము తెచ్చి ఇవ్వడానికి లోపలికి వెళతాడు. యువకుడు తన సంచి సర్దుకొంటాడు.