ఉప్పాడ సముద్రం నీళ్లతో దాళ్వా పండుద్దా?

మొన్న టీ కొట్టు దగ్గర మా ఊరి కుర్రాడొకడు ఫోన్లో ఇజ్రాయెల్ వీడియో చూపించాడు. అక్కడ సముద్రం నీళ్లని మంచినీళ్లు చేసుకుని తాగుతున్నారు. "పక్కనే ఉప్పాడ ఉంది కదా బాబాయ్, మనమూ అలా చేసుకుంటే దాళ్వాకి ఈ వంతుల గొడవే ఉండదు" అన్నాడు. సరేనని ఇంటికొచ్చి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నానండి.

మన ఊళ్లో ఇరవై లీటర్ల టిన్ను పట్టుకొచ్చే ఆర్వో ప్లాంటు ఉంది కదా, అదే పద్ధతి. కాకపోతే చాలా పెద్దది. ఉప్పునీటిని గట్టి ఒత్తిడితో పొరల్లోంచి తోస్తారు. వెయ్యి లీటర్లకి మూడు నాలుగు యూనిట్ల కరెంటు అవుద్ది.

చెన్నై వాళ్లు మీంజూరు దగ్గర 2010లో ఒకటి పెట్టారు. రోజుకి 10 కోట్ల లీటర్లు. వినడానికి ఎంతో అనిపిస్తుంది. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. ఆ ప్లాంటు రాత్రీ పగలూ తిరిగినా ఒక్క టీఎంసీకి తొమ్మిది నెలలు పైనే పడుద్ది. మన ఏలేరు రిజర్వాయరు నిండితే 24 టీఎంసీలు.

ఇక డబ్బు సంగతి. మీంజూరు నీళ్లకి మొదట్లో కుదిరిన ధర వెయ్యి లీటర్లకి 48 రూపాయల చిల్లర. ఎకరా వరికి 45 లక్షల లీటర్లు వేసుకున్నా నీళ్ల ఖర్చే రెండు లక్షలు దాటింది. ముప్పై బస్తాలు పండినా చేతికొచ్చేది యాభై వేల చిల్లర. లెక్క చూసి కుర్రాడే నవ్వేశాడు.

అలాగని అది పనికిమాలిన పని అని నేననను. అదే 48 రూపాయలు తాగే నీళ్లకైతే టిన్ను రూపాయి కూడా పడదు. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నారు. అలాంటి ఊరికి ఇది వరమే. ఫ్యాక్టరీలూ భరించగలవు. గుజరాత్‌లో జామ్‌నగర్ రిఫైనరీ సముద్రం నీళ్లు శుద్ధి చేసుకునే వాడుకుంటోంది.

నా బాధల్లా ఇక్కడే. మన ఏలేరు నీళ్లు ఎడమ కాలువలో నూట యాభై కిలోమీటర్లు పోయి విశాఖ స్టీల్‌ప్లాంటుకీ, నగరానికీ చేరుతున్నాయి. సముద్రం ఒడ్డునున్న ఊరికి మెట్టలోంచి కాలువ! తాగే నీళ్లు ఎవరికీ ఆపమనకూడదు, ఆ పాపం మనకొద్దు. కానీ ఫ్యాక్టరీల వాటా సముద్రంలోంచి తీసుకుంటే ఆ మేరకు మన శివారు పొలాలకి మిగులుతుంది కదా. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి మన చేలు ముంచింది. వరదైతే మన చేలోకి, వేసవైతే ఎడమ కాలువలోకీనా?

ఇంకో మాట. లీటరు మంచినీళ్లు తీస్తే లీటరుకి పైగా చిక్కటి ఉప్పునీరు మిగిలి మళ్లీ సముద్రంలోకే పోతుంది. ఉప్పాడ మత్స్యకారులు ఇప్పటికే కంపెనీల కలుషితాల మీద రోడ్డెక్కారు. ఎక్కడ ప్లాంటు పెట్టినా, అది ఎంత దూరంలో, ఎంత లోతులో వదులుతారో ముందు ఆ ఊరి వేటగాళ్లకి చెప్పి పెట్టాలి. మన నీళ్ల కోసం వాళ్ల వల ఖాళీ చేయకూడదు.

తీరంలో కొత్త ఫ్యాక్టరీకి అనుమతిచ్చేటప్పుడే నీళ్లు సముద్రంలోంచి తీసుకోవాలని షరతు పెట్టమని ఈసారి నీటి సంఘం మీటింగులో అడుగుదామనుకుంటున్నాను. గొల్లప్రోలు, కొత్తపల్లి వైపు వాళ్లు కూడా మీ సంఘాల్లో అడగండి. కిందటి దాళ్వాకి మీ చేలకి ఎన్ని తడులు అందాయో రాసిపెట్టుకుని రండి.