ఆటబల్ల పట్టుకుంటుందా?

పక్షవాతం తరువాత తూలే మనిషిని నిలబెట్టడానికి ఆటయంత్రం చాలునట, ఫిజియోథెరపిస్టు అక్కరలేదట! నానక్‌రామ్‌గూడ అద్దాలమేడల నడుమ ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు. 2007లో నింటెండో తెచ్చిన వీ బ్యాలన్స్ బోర్డు చేసేదేమిటి? నాలుగు మూలల సెన్సర్లతో శరీరభారం ఎటు ఒరుగుతున్నదో తెరపై చూపుతుంది. మంచిదే, విసుగెత్తించే సాధన ఆటైతే రోగి మరి నాలుగుమార్లు చేస్తాడు. కాని పడబోతే పట్టుకునే చెయ్యి దానికి లేదు.

2017 నాటి కాక్రేన్ సమీక్ష 72 ప్రయోగాలు చూసీ నిలకడలో చెప్పుకోదగ్గ తేడా కనుగొనలేదు. 2025 నాటి కొత్త సమీక్ష ఒప్పుకున్నదీ కొద్దిపాటి మేలే. పైగా ఇవి బజారు సరుకులు. కినెక్ట్ తయారీని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది. దానిమీద సాధన చేస్తున్న రోగి ఎవరినడగాలి?

ప్రపంచానికంతా ప్రోగ్రాములు రాసే ఈ పేటవారు "ఎడమకాలు మోపమ్మా" అని తెలుగులో పలికే ఆట రాస్తే మొదట మెచ్చుకునేవాణ్ణి నేనే; ఫిజియోథెరపిస్టు జీతం మిగుల్చుకోవడానికి కాకపోతే.