యంత్రమునకు ముందు హెల్మెట్టు

ఒకప్పుడు కార్ఖానాలకును, వీధి చివరి షెడ్లకును పరిమితమై యుండిన వెల్డింగు నేడు ఇండ్లలోనికి వచ్చినది. చేతితో మోయదగిన ఇన్వర్టరు యంత్రములు 230 వోల్టుల గృహ విద్యుత్తుతోనే పనిచేయుచున్నవి. తీరిక వేళ పూలకుండీల స్టాండునో, పెరటి గేటునో స్వయముగా చేసికొనవలెనను కోరిక మెచ్చదగినదే. కాని యంత్రమునకు వేల రూపాయలు వెచ్చించినవారు సైతము కంటి రక్షణకు చవుక నల్ల అద్దముతో సరిపెట్టుకొనుట విచారకరము. హెల్మెట్టు వెలను యంత్రపు వెలలో భాగముగనే లెక్కింపవలెను.

వెల్డింగు వెలుగులో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. అవి సోకిన కన్ను వెంటనే నొప్పి పెట్టదు. కొన్ని గంటలు గడచిన పిదప, తరచుగా రాత్రివేళ, ఇసుక పడినట్లు మంటయు, నీరు కారుటయు మొదలగును. సాధారణముగా ఇది ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గినది గదా యని మరల అశ్రద్ధ చేయరాదు. తీవ్రకాంతి వలన కంటి లోపలి పొర దెబ్బతినినచో ఆ నష్టము శాశ్వతము కావచ్చును. కంటిలో చనుబాలు పోయుట, నొప్పి తెలియకుండ మత్తు చుక్కలు మాటిమాటికి వేసికొనుట తగదు. మత్తు చుక్కలు పదేపదే వేసినచో కనుగ్రుడ్డు పైపొర మానదు. వైద్యునికి చూపుటయే ఉచితము.

ఇంటి పనులకు సాధారణముగా 2.5 మిల్లీమీటర్ల రాడ్డు చాలును. దానికి సుమారు 60 మొదలు 90 ఆంపియర్లు పట్టును. కావున పెద్ద అంకెలను చూచి మురియక, యంత్రము ఆ ఆంపియర్ల వద్ద 10 నిమిషములలో ఎన్ని నిమిషములు ఆగక పనిచేయునో విచారింపవలెను. ఇంటి వైరింగును, ఎర్తును ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయవలెను.

ఇట్టి పనికి 10వ నంబరు షేడు గల అద్దము తగినది. చలువ కళ్ళద్దములు ఎంత నల్లనివైనను పనికిరావు. నిప్పు రగిలిన క్షణముననే తానై నల్లబడు హెల్మెట్టు క్రొత్తవారికి మేలు. రాడ్డు ఎక్కడ ఆనించవలెనో చూచుటకు ముసుగు ఎత్తనక్కరలేదు. షేడు నంబరు, ప్రమాణ చిహ్నము లేని సరకును కొనరాదు. హెల్మెట్టు ముఖమును మెడవరకు కప్పవలెను.

వీధి పనివారు చలువ అద్దములతోనే నెట్టుకొనివచ్చుచున్నారు గదా యని కొందరందురు. అది వారి లేమికి గుర్తే గాని అనుసరింపదగిన మార్గము కాదు. పైగా ఇంటిలో పర్యవేక్షకుడు ఉండడు; మెరుపులు చూచుటకు పిల్లలు చేరుదురు. వారిని దూరముగ నుంచి, గాలి ఆడు ఆరుబయట పనిచేయవలెను. వెల్డింగు పొగ మానవులలో క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ణయించినది. జింకు పూత గల రేకుల పొగ జ్వరమును కూడ తెచ్చును.

చేతిలోని పైకము రెంటికిని చాలనిచో, ఈ నెల హెల్మెట్టు కొని, యంత్రమును పై నెలకు వాయిదా వేయుటయే వివేకము.