లెక్కలో పెరిగిన దేశం

దేశాల ఉత్పాదకతను వరుసపెట్టి చూపే పట్టికలంటే నాకు మొదటినుంచీ అనుమానమే. స్థూల దేశీయోత్పత్తిని పనిగంటలతో భాగిస్తే వచ్చే అంకె అది. హారం శ్రామికులదే, లవం ఎవరిదో ఐర్లండును అడగాలి.

2015లో తమ ఆర్థికవ్యవస్థ 26 శాతం పెరిగిందని ఆ దేశపు గణాంక కార్యాలయం 2016 జూలైలో ప్రకటించింది. ఒక్క ఏడాదిలో ఐరిష్ వారి చేతివేగం అంత పెరిగిందా? లేదు. పన్ను తక్కువ గనుక బహుళజాతి సంస్థలు పేటెంట్ల వంటి మేధోసంపత్తిని అక్కడి పద్దుల్లోకి మార్చుకున్నాయి. అద్దెకిచ్చే విమానాలూ ఆ లెక్కలోనే చేరాయి. (వాటిలో ఎన్ని డబ్లిన్‌లో దిగాయో!) పాల్ క్రుగ్మన్ దీనిని, ఐరిష్ జానపద కథల్లోని మరుగుజ్జు మాయావుల పేరిట, ‘లెప్రకాన్ ఆర్థికశాస్త్రం’ అని ఎగతాళి చేశాడు. 2017 నుంచి ఐర్లండే ఇటువంటి వాపును తీసివేసి, సవరించిన జాతీయాదాయాన్ని వేరుగా ప్రచురిస్తోంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మన పెద్దలు మాత్రం ఆ పట్టికలనే చూపి, భారతీయుడు ఒళ్ళు వంచడనీ, ఇంకా ఎక్కువ గంటలు పనిచేయాలనీ ఉపదేశిస్తుంటారు. గంటలు పెంచితే ముందుగా పెరిగేది హారమే కదండీ! తట్టతో కంకర మోసే కూలీ చేతికి ఓ యంత్రం అందించే పెట్టుబడి ఎవరు పెడతారన్న మాట ఆ ఉపన్యాసాలలో నేనెక్కడా వినలేదు.